మొహమాటం మీటరు

పాల కంపెనీవాళ్ళు నాలుగు నెలలపాటు ఒకే క్యాను ఫోటో పంపించారు.

రోజూ తెల్లవారుజామున, నూట పన్నెండు సేకరణ కేంద్రాల నుంచి, అదే క్యాను. మూతమీద సొట్ట, పక్కన ఎవరిదో ఒంటి నీలం చెప్పు. ప్రతి క్యానుకీ ఫోటో తీసి పంపాలని మీటింగులో నిబంధన పెట్టినప్పుడు అందరూ "అలాగే సార్, తప్పకుండా సార్" అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కడికీ ఆ పని చేసే ఉద్దేశం లేదు. ఆ సంగతి గదిలో ఉన్న మనుషులందరికీ తెలుసు. తెలియనిది ఒక్క పందిరికే.

పందిరి అంటే విశాఖపట్నంలో, మధురవాడ కొండమీద ఒక కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ వేదిక. ఆస్పత్రులకో, రేవులకో, పాల కంపెనీలకో తమ పనికి తగ్గ అప్లికేషను కావాలంటే ఇదివరకు ఇంజినీర్లు ఏడాది కూచుని కోడు రాసేవారు. పందిరి వచ్చాక ఆ బాధ లేదు. సంస్థవాళ్ళు ఒక గదిలో చేరి తమ పని గురించి మాట్లాడుకుంటే చాలు. పందిరి వింటుంది. ఎవరు ఏం చెయ్యాలో, ఎవరు దేనికి ఒప్పుకున్నారో పోగుచేసుకుని, మర్నాటికల్లా ఫారాలూ, అనుమతులూ, హెచ్చరికలతో సహా మొత్తం అల్లి చేతిలో పెడుతుంది. జర్మనీలో బ్రహ్మాండంగా పనిచేసింది. మన దగ్గరకొచ్చేసరికి అల్లిన ప్రతిదీ సొట్టమూత పాల క్యాను అయి కూచుంది.

"మనవాళ్ళ జబ్బు ఇదేనండీ," అన్నారు డైరెక్టరు వర్మగారు తల పట్టుకుని. "ఎదుటివాడి మొహంమీద కాదనలేరు. మనసులో లేకపోయినా సరే అనేస్తారు. పందిరికి ఇంక కోడు నేర్పక్కర్లేదు. మొహమాటం నేర్పాలి."

అలా మొదలైంది తొమ్మిదో వెర్షను. మనిషి దేనికైనా ఒప్పుకున్నా, కాదన్నా, అందులో మొహమాటం పాలెంతో గొంతునిబట్టి పసిగట్టి పదికి ఇన్ని అని మార్కు వెయ్యాలి. మూడులోపయితే ఆకుపచ్చ దీపం, దాటితే పసుపు. పసుపు వెలిగిన ఒప్పుకోలుమీద పందిరి ఏదీ అల్లదు. మళ్ళీ కూచుని మాట్లాడుకోండి అంటుంది. కాగితాలమీద దాని పేరు సమ్మతి సూచిక. ఆఫీసులో మాత్రం మొదటిరోజు నుంచీ మొహమాటం మీటరే.

యంత్రానికి నేర్పాలంటే ముందు ఒక మనిషి వేల గొంతులు విని మార్కులు వేసి చూపించాలి. ఇంజినీర్లకి ఆ విద్య రాదనీ, ఇల్లు నడిపే ఆడవాళ్ళకి వస్తుందనీ వర్మగారి నమ్మకం. ప్రకటన ఇచ్చారు. డిగ్రీ చాలు, అనుభవం అక్కర్లేదు.

ఎమ్మెస్సీ లెక్కలు చదివి, పన్నెండేళ్ళుగా ఆ లెక్కల్ని ఇడ్లీపిండిలో పప్పూ రవ్వా పాళ్ళకి తప్ప వాడని సువర్చలకి ఆ ఉద్యోగం వచ్చింది. ఎలా వచ్చిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

*

ఎలా వచ్చిందంటే, వంటింట్లో వచ్చింది.

పరీక్ష ఇంటి దగ్గర్నుంచే రాయొచ్చన్నారు. నలభై గొంతులు, ఒక్కోటీ విని ఫోనులో మార్కు నొక్కాలి. సీతమ్మధారలో వాళ్ళది ఉమ్మడి ఇల్లు. సాయంత్రం నాలుగింటికి సువర్చల గట్టుమీద ఫోను పెట్టుకుని కూచుంటే, కింద పీటమీద తోడికోడలు నీలవేణి గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. ఒళ్ళో ఏడాది పిల్ల.

ఫోనులో ఎవడో "తప్పకుండా వస్తామండీ" అన్నాడు.

"మంచివాడిలా ఉన్నాడు. రెండు," అంది సువర్చల.

"ఏటక్కా, రెండేటి?" నీలవేణి తల కూడా ఎత్తలేదు. "ఎనిమిది. తప్పకుండా అనేముందు ఊపిరి తీశాడు. వచ్చీవాడు ఊపిరి తియ్యడు, ఎన్ని గంటలకి రమ్మంటారని అడుగుతాడు."

"నీకెలా తెలుసే?"

"బొబ్బిల్లో మా నాన్న బట్టల కొట్లో ఆరేళ్ళు కూకున్నాను కదా. యాభై చీరలు విప్పించి, 'మళ్ళీ వచ్చి తీసుకుంటాం' అని లేచినోళ్ళలో ఎవరొస్తారో ఎవరు రారో చెప్పీదాన్ని. రానోళ్ళ చీరలు అప్పుడే మడతెట్టీసీవారు మా నాన్న."

తర్వాత ముప్ఫై తొమ్మిదీ దాదాపు అలాగే సాగాయి. గొంతు వినిపించడం, కింద నుంచి అంకె రావడం, పైన సువర్చల నొక్కడం. ఆఖర్న తెరమీద ఒక వాక్యం వచ్చింది, దాన్ని పైకి చదవమని. సువర్చల గొంతు సవరించుకుని మైకు నొక్కి చదివింది: "ఈ మార్కులన్నీ నేనే వేశాను."

చదివాక కాస్త ఇబ్బందిగా అనిపించింది. అందుకని కిందికి చూసి, "నువ్వూ రాస్తావా వేణీ? అంటే, చంటిదాంతో నీకు కుదురుతుందో లేదో" అంది.

కుక్కరు మూడో కూత వేసింది.

"నాకెందుకక్కా. నువ్వెళ్ళు," అంది నీలవేణి.

సువర్చల తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నలభైకి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. ఆ పోయిన రెండూ నీలవేణి మాట వినకుండా తను సొంతంగా నొక్కినవి.

*

ఉద్యోగం రెండేళ్ళు నడిచింది. రోజుకి పదిహేను, ఇరవై గొంతులు. పొద్దున్న ఆఫీసులో సగం, సాయంత్రం ఇంటి దగ్గర సగం చేసుకోవచ్చన్నారు. సాయంత్రాలు సువర్చల టాబ్లెట్టు తెచ్చి వంటింట్లో గట్టుమీద పెట్టేది. కూర మారేది, పద్ధతి మారేది కాదు. చిక్కుళ్ళు తుంచుతూ, కొబ్బరి కోరుతూ, పిల్లకి అన్నం పెడుతూ నీలవేణి అంకెలు చెప్పేది. అసలు మొదట్లో సువర్చల "ఊరికే, నీ అభిప్రాయం చెప్పు" అనేది. ఆర్నెల్లయ్యాక ఆ మాట కూడా మానేసింది.

"మేడమ్, ఒక విచిత్రం చెప్పనా?" అన్నాడొకరోజు ఫణీంద్ర. యంత్రానికి పాఠం చెప్పే ఇంజినీరు అతను. "మీరు సాయంత్రాలు వేసిన మార్కులతో యంత్రం భలే నేర్చుకుంటోంది. పొద్దున్న వేసినవాటితో పాడైపోతోంది. పొద్దున్న మీకు మనుషులందరూ మంచివాళ్ళలా వినిపిస్తారా?"

"కాఫీ దిగేదాకా నా చెవి పనిచెయ్యదులే బాబూ," అంది సువర్చల. ఆవిడ నవ్వింది, అతనూ నవ్వాడు. అప్పటికింకా ఆ గదిలో మీటరు బిగించలేదు కాబట్టి సరిపోయింది.

ఆవిష్కరణకి మూడునెలల ముందు ప్రయోగానికని మీటరుని ఉద్యోగుల ఫోన్లలో పెట్టారు. సువర్చల ఇంట్లో మొదటి పరీక్ష భర్త శేషగిరిమీద జరిగింది. "ఉప్మా బావుందా?" అంటే "బ్రహ్మాండం" అన్నాడు. పసుపు, ఏడు. పద్నాలుగేళ్ళుగా వారానికి రెండుసార్లు బ్రహ్మాండమైన ఉప్మా అది. ఆయన ఆ వారమంతా టిఫిను దగ్గర మౌనవ్రతం పట్టాడు. అత్తగారిమీద మాత్రం మీటరు వెలవెలబోయింది. ఆవిడ ఒప్పుకున్నదీ ఒప్పుకోనిదీ అన్నీ ఆకుపచ్చే, సున్నా. ఆవిడ నోట ఇన్నేళ్ళూ విన్నవన్నీ నిజంగానే అన్నవని తేలడం సువర్చలకి అంత ఊరట ఏమీ కాలేదు.

నీలవేణి దగ్గర మాత్రం సువర్చల ఫోను బయటికి తీయలేదు. పరీక్షలు చాలులే అనుకుంది. ఎందుకు చాలో తనని తాను అడగలేదు.

పాల కంపెనీవాళ్ళని మళ్ళీ పిలిచి కూచోబెట్టారు. ముప్ఫై నాలుగు ఒప్పుకోళ్ళలో ముప్ఫై ఒకటి పసుపు. పందిరి అల్లనంది. రెండోసారీ అంతే. మూడోసారి సూర్యనారాయణ అనే ముసలి సూపర్‌వైజరు లేచి నుంచుని, "మావల్ల కాదు సార్. తెల్లారగట్ల కరెంటుండదు, ఫోనులో చార్జింగుండదు, చేతులకి పాలుంటాయి" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పైవాళ్ళకి కాదని చెప్పడం అదే మొదలు. ఆకుపచ్చ వెలిగింది. ఫోటోల నిబంధన తీసేశారు, అప్లికేషను చక్కగా పనిచేసింది. చప్పట్లు కొట్టారు. సూర్యనారాయణ మాత్రం ఆ తర్వాత మీటింగులకి రాలేదు. "సరే అనీసి మన పని మనం చూసుకునే చోటొకటుండేది సార్. అదీ లేకుండా చేశారు" అన్నాడట. ఆ మాట రికార్డింగులో విన్నప్పుడు సువర్చల చటుక్కున ఆపేసింది. మార్కు వెయ్యాల్సిన గొంతు కాదది.

*

తొమ్మిదో వెర్షను ఆవిష్కరణకి నీలవేణే వెంకటగిరి చీర ఎంచి ఇస్త్రీ చేయించి పెట్టింది. "ముందు వరసలో కూకో అక్కా. ఎనక కూకుంటే చీర అంచు అవుపడదు," అంది.

హాలు నిండిపోయింది. వేదికమీద ఫణీంద్ర, వెనక గోడంత తెర, తెర పక్కన కొబ్బరికాయంత దీపం. గదిలో ఎవరు దేనికి ఒప్పుకున్నా అది పలుకుతుంది. వర్మగారి జోకుకి అందరూ నవ్వి, "బావుంది కదా?" అని ఆయనంటే "బావుంది సార్" అన్నప్పుడు దీపం చిక్కటి పసుపులోకి తిరిగింది. దానికి మాత్రం నిజంగా నవ్వారు.

"కంపెనీ మొదలైన దగ్గర్నుంచీ మా దగ్గరున్న ప్రతి శబ్దాన్నీ నిన్న దీనికి వినిపించాం," అన్నాడు ఫణీంద్ర. "అన్నింటిలోకీ ఎక్కువ మార్కు వచ్చిన గొంతు ఒకటుంది. పదికి తొమ్మిది పాయింటు ఆరు. పాత నియామక పరీక్షల ఫైళ్ళలో దొరికింది. ఎవరో మైకు ఆపడం మర్చిపోయినట్టున్నారు. ఫైళ్ళకి పేర్లుండవు, నంబర్లే. వినండి."

ముందు కుక్కరు కూత. హాల్లో కొందరు నవ్వారు. ఆ తర్వాత, మంచినీళ్ళ గ్లాసు గట్టుమీద పెట్టినంత మెల్లగా:

"నాకెందుకక్కా. నువ్వెళ్ళు."

సువర్చల ఆ గొంతు గుర్తుపట్టింది. రెండేళ్ళ క్రితం ఆ మాట విని తను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న సంగతి, వీపుమీద ఎవరో చరిచినట్టు గుర్తొచ్చింది. ఫణీంద్ర ఆ గొంతుని తెరమీద గీతలుగా పరిచి చూపిస్తున్నాడు. "'నాకెందుకు' దగ్గర చూడండి, గొంతు ఎంత మామూలుగా ఉందో. సాధారణంగా ఒణుకు ఉంటుంది. ఇక్కడ ఒణుకుని కూడా అణిచేశారు. పదకొండు వేల గొంతుల్లో ఇంకెవరూ ఇంత బాగా దాచుకోలేదు. అందుకే తొమ్మిదీ ఆరు."

పక్కన కూచున్న రేవు అధికారి భార్య, "పాపం, ఎవరో" అంది.

"పాపం," అంది సువర్చల కూడా.

వర్మగారు మైకు అందుకున్నారు. "ఇంత సూక్ష్మంగా వినడం యంత్రానికి ఎవరు నేర్పారు? మన సువర్చలగారు! లేవండమ్మా. పదకొండు వేల మార్కులు, ఒక్క చేతిమీదుగా. ఇదంతా మీ చెవి చలవే కదా?"

అందరూ తిరిగి చూస్తున్నారు. కాదనడానికి ఒకే ఒక్క మాట కావాలి. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఇంత పెద్దాయన, ఇంతమందిలో, నొచ్చుకుంటారు కదా అనిపించింది.

"అవునండీ," అంది.

దీపం పసుపైంది. మామూలు పసుపు కాదు. పెళ్ళికూతురికి నలుగుపెట్టినంత పసుపు. తెరమీద అంకె: తొమ్మిదీ నాలుగు.

అందరి కళ్ళూ ఆ అంకెమీదే. ఆ క్షణంలో సువర్చల అనుకుంది, అయిపోయింది, బయటపడింది, పోనీ మంచిదే.

అప్పుడు వర్మగారు పకపకా నవ్వారు. "చూశారా! పొగిడితే కూడా ఎంత మొహమాటపడుతున్నారో! ఇంతకన్నా రుజువేం కావాలండీ మన మీటరుకి?"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. సువర్చల మెడలో గంధపు దండ వేశారు. వినయం అంటే అలా ఉండాలని ఎవరో అనడం వినిపించింది. దండ బరువుకి మెడ వంగింది, దాన్నీ వినయం కిందే జమకట్టుకున్నారు.

*

ఇంటికొచ్చేసరికి అయిదున్నర. నీలవేణి పీటమీద కూచుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. మూడేళ్ళ పిల్ల తుంచినవాటిని తిరిగి తుంచనివాటిలో కలుపుతోంది. వసారాలో అత్తగారు పేపరు చదువుతున్నారు.

"దండేసీసేరేటి?" నీలవేణి మొహం విప్పారింది. "చెప్పనేదేటక్కా?"

సువర్చల దండ తీసి గట్టుమీద పెట్టింది. చీర కూడా మార్చుకోకుండా నేలమీద కూలబడింది. కుక్కరు కూత దగ్గర్నుంచి చప్పట్ల దాకా అంతా చెప్పింది. మధ్యలో ఒకచోట ఆగి నీళ్ళు తాగుదామనుకుంది గానీ, లేస్తే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం వేసి తాగలేదు. చెబుతున్నంతసేపూ నీలవేణి కాయలు తుంచుతూనే ఉంది.

"తొమ్మిదీ ఆరా?" అంది చివరికి. "బానే పట్టింది. నేను తొమ్మిదిన్నర అనుకున్నాను."

"నీకు కోపంగా లేదుటే?"

"ఆ రోజు నువ్వు 'నువ్వూ రాస్తావా' అనడిగేవు చూడు." నీలవేణి ఇప్పుడు తలెత్తింది. "దానికెంతేసింది మీ మీటరు?"

సువర్చల చేయి చాచి కుప్పలోంచి ఒక కాయ తీసుకుంది.

"ఎయ్యదు. మీ మిషను జవాబులకే మార్కులేస్తాది. అడిగినోళ్ళ గొంతు వినదు. కాదనమని అడిగేవు నువ్వు. నేను కాదన్నాను. మరింక నా ఒక్కదానిదేటి మొహమాటం? సగం నీది కాదేటి?"

వసారాలోంచి అత్తగారు పేపరు మడుస్తూ, "నాకు ఆ రోజే తెలుసు," అన్నారు. ఆకుపచ్చ, సున్నా.

సిగ్గు ఇంతకంటే కిందికి పోదనుకున్న చోట ఇంకో మెట్టు కనిపించింది సువర్చలకి. రెండేళ్ళు. పదకొండు వేల గొంతులు. ప్రతి సాయంత్రం తను "ఇది చెప్పు, ఇది చెప్పు" అన్నప్పుడల్లా, ఊరంతటి అబద్ధాల్నీ పట్టుకున్న ఆ చెవి పక్కనే కూచుని తన అబద్ధాన్ని కూడా వింది. విని, అంకె పైకి చెప్పకుండా ఊరుకుంది.

"నువ్వు ఆఫీసుకి రాకూడదూ? అంటే, పిల్ల కాస్త పెద్దదైంది కదా, నీకు వీలైతేనే" అంది.

"అదిగో మళ్ళీ," అంది నీలవేణి. "అడిగీలాగ అడుగు."

సువర్చల అన్నమాటనే మళ్ళీ లోపల తిప్పుకుంది. అంటేలూ, అయితేనేలూ, వీలైతేలూ ఒక్కోటీ ఏరి పారేస్తే మిగిలిన వాక్యం చాలా పొట్టిగా ఉంది.

"వేణీ, ఆ ఉద్యోగం నీకు కావాలా?"

నీలవేణి చేతిలో కాయ ఆగింది. ఊపిరి తియ్యలేదు.

"కావాలి," అంది.

*

మర్నాడు సువర్చల చెప్పిందంతా వర్మగారు విన్నారు. విని చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. "ఇప్పుడిదంతా ఎందుకమ్మా? ఆవిష్కరణ అయిపోయింది. మీ తోడికోడలికి వేరే ఏదైనా చూద్దాం. మనలో మాటగా ఉంచేద్దాం. ఏమంటారు?"

గోడమీద మీటరు వింటోంది. సువర్చలకి ఆయనంటే గౌరవం, తన కుర్చీ అంటే ఇష్టం, తన పేరు రాసిన గాజుపలక అంటే ఇంకా ఇష్టం. సరే అంటే దీపం ఏ రంగులో వెలుగుతుందో ఆవిడకి తెలుసు. దాన్ని మళ్ళీ వినయం అనేస్తారని కూడా తెలుసు.

"వద్దండీ," అంది. గొంతు కీచుగా వచ్చింది. "పొద్దున్న మార్కులు నావి. అవి తప్పులు. సాయంత్రంవి ఆమెవి."

ఫణీంద్ర తలుపు దగ్గరే నుంచున్నాడు. "ఆ ఫైలు నిన్న సాయంత్రం మొత్తం విన్నాను మేడమ్. 'ఈ మార్కులన్నీ నేనే వేశాను' దగ్గర్నుంచీ," అన్నాడు నేల చూస్తూ. "అడుగుదామనుకున్నాను. మొహమాటం వేసింది."

అయిదు వేల పై చిలుకు మార్కులు కొట్టేశారు. తొమ్మిదో వెర్షను నాలుగు నెలలు వెనక్కి పోయింది. సంతకాలు పెట్టిన సంస్థలన్నింటికీ వర్మగారే స్వయంగా ఫోను చేసి చెప్పుకున్నారు. నీలవేణికి పరీక్ష పెడితే నలభైకి నలభై వచ్చాయి. అడిగేవాళ్ళ గొంతుకి కూడా మార్కు వెయ్యాలని ఆమె మొదటివారంలోనే చెప్పిందట. అది పదో వెర్షనులో వస్తుందని ఫణీంద్ర చెప్పాడు. సువర్చల కుర్చీ నీలవేణిదైంది, ఆమె పేరుతో కొత్త గాజుపలక వచ్చింది. పాత పలకని సువర్చల ఇంటికి తెచ్చుకుంది. పచ్చళ్ళ జాడీమీద మూతగా సరిపోయింది.

నీలవేణి ఉద్యోగంలో చేరిన మొదటిరోజు పొద్దున్న గుమ్మం దగ్గర హడావిడి. బ్యాగు, నీళ్ళ సీసా, టిఫిను డబ్బా. పిల్ల సువర్చల కొంగు పట్టుకుని నుంచుంది. అత్తగారు వసారాలో కూచుని, ఈ ఇంట్లో కోడళ్ళు వంతులేసుకుని ఊరేగుతున్నారని ఎవరితోనూ కాకుండా అన్నారు.

చెప్పులు వేసుకుంటూ నీలవేణి ఆగింది.

"అక్కా, రోజంతా పిల్లా, ఇల్లూ. నీకేం ఇబ్బంది లేదు కదా?"

సువర్చల పీటమీద కూచుని ఉంది, ముందు చేటలో గోరుచిక్కుళ్ళు. రెండేళ్ళు అలవాటైన కొండమీది గాలి, ఫణీంద్ర జోకులు, మధ్యాహ్నం క్యాంటీన్లో కిటికీ పక్క బల్ల, అన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి.

"అయ్యో, నాకేం ఇబ్బంది. నువ్వెళ్ళు," అంది.

నీలవేణి ఒక్క క్షణం తల పక్కకి వంచింది, బొబ్బిలి బట్టల కొట్లో కూచున్నట్టే.

"ఆరు," అంది. నవ్వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సువర్చల కాయ తుంచి చేటలో వేసింది. లెక్కలు చదివిన మనిషి. తన అంకె తనకి తెలియదా. అది ఎనిమిది. నీలవేణి చెవి ఒక్క రోజూ తప్పు వినలేదు. రెండు తగ్గించి చెప్పింది, మొహమాటానికి.